పేర్ మార్కెట్

అందరికీ నమస్కారం. నెలకొకరు ఏదో ఒక విషయం మీద మాట్లాడాలని మనలో మనమే పెట్టుకున్న నియమం తిరిగి తిరిగి ఈసారి నా మెడకు చుట్టుకుంది. వెనక బల్ల మీద మిరపకాయ బజ్జీలు ఎదురుచూస్తున్నాయి కాబట్టి అవి చల్లారకముందే ముగించే ప్రయత్నం చేస్తాను.

మా అమ్మాయికి ఇక్కడ మిల్వాకీలో సీటొచ్చిన రోజున గుంటూరు ఫోన్ చేసి మా పెద్దమ్మకు చెప్పాను. "మార్కెట్లో సీటొచ్చింది పెద్దమ్మా" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "అంత డబ్బు పోసి అమెరికా తీసుకెళ్ళి పిల్లని మార్కెట్లో కూచోబెడతావంట్రా? ఆ కూచునేదేదో మన మిర్చి యార్డులోనే కూచోబెట్టొచ్చుగా" అంది. మార్కెట్ అనేది ఒక మనిషి పేరని, ఆ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారని, ఆయన పాద్రీ అని, మూడున్నర వందల ఏళ్ళ కింద ఇక్కడి నదుల మీద పడవలో తిరిగాడని చెప్పేసరికి కార్డు నిమిషాలు అయిపోయాయి. పైగా ఫ్రెంచివాళ్ళు పాద్రీని 'పేర్' అంటారు, తండ్రి అని అర్థం. మనం ఫాదర్ అన్నట్టే. అంటే ఆయన పూర్తి బిరుదు పేర్ మార్కెట్. తెలుగు చెవికి ఇది పేర్లు అమ్మే సంతలాగే వినిపిస్తుంది. నిజంగానే ఈ చుట్టుపక్కల ఆ పేరు అంతగానూ చలామణీ అయింది. మిషిగన్ రాష్ట్రంలో ఆ పేరుతో ఊరుంది, నది ఉంది, ఒకప్పుడు రైలు కంపెనీ ఉండేది. ఇక స్కూళ్ళు, వీధులు లెక్కపెట్టలేం.

నేను మాట్లాడదలచుకున్నది వాటన్నిటి గురించీ కాదు. ఒక కాలేజీ తనకు పేరిచ్చిన మనిషిని ఎలా గౌరవిస్తుంది అన్నదాని గురించి. దీని మీద ఆలోచన నాకు రావడానికి కారణం ఒక వేలు. బొమ్మలో ఉన్న ఒక చూపుడు వేలు.

1869లో విల్హెల్మ్ లాంప్రెక్ట్ అనే జర్మన్ చిత్రకారుడు ఫాదర్ మార్కెట్‌నూ, ఇక్కడి మూలవాసులనూ కలిపి ఒక పెద్ద తైలవర్ణ చిత్రం గీశాడు. ఆ బొమ్మ ఇప్పటికీ యూనివర్సిటీ దగ్గరే ఉంది. చాలా ఏళ్ళపాటు యూనివర్సిటీ అధికార ముద్రలో, అంటే డిగ్రీ పట్టాల మీద వేసే గుండ్రటి ముద్రలో, కింది సగం ఆ బొమ్మ నుంచి తీసుకున్నదే. అయితే బొమ్మ మొత్తం పట్టదు కదా, కత్తిరించారు. పూర్తి చిత్రంలో పాద్రీకి దారి చెబుతున్నవాళ్ళు మూలవాసులు. కత్తిరించిన ముద్రలో చూస్తే పాద్రీయే వాళ్ళకు దారి చూపిస్తున్నట్టు కనబడుతుంది. ఎవరూ కుట్ర చేసి ఉండరు. చోటు చాలక కత్తెర పడి ఉంటుంది. కాని ఆ కత్తెర ఎటువైపు పడిందో చూడండి.

సరే, మనిషి సంగతి చెప్పి మళ్ళీ ముద్ర దగ్గరికి వస్తాను.

జాక్ మార్కెట్ 1637 జూన్ 1న ఫ్రాన్సు ఉత్తరాన లాన్ అనే ఊళ్ళో పుట్టాడు. పదిహేడో ఏట ఏసు సంఘంలో, అంటే జెస్యూట్‌లలో చేరాడు. పన్నెండేళ్ళు చదువు, పాఠాలు చెప్పడం. 1666లో పాద్రీ అయ్యాడు, అదే ఏడాది సెప్టెంబరులో క్యుబెక్‌లో ఓడ దిగాడు. దిగీదిగగానే చేసిన పని బోధ కాదు, బడికి వెళ్ళడం. త్రువా రివియేర్ అనే చోట ఇంకో పాద్రీ దగ్గర కూచుని ఇక్కడి భాషలు నేర్చుకున్నాడు. మొత్తం ఆరు భాషలు వచ్చేవని చెబుతారు. మనలో పాతికేళ్ళుగా విస్కాన్సిన్‌లో ఉంటూ ఊరి పేరు వౌకేషా అనడానికి ఇప్పటికీ తడుముకునేవాళ్ళున్నారు, నాతో సహా.

1668లో సూ సెయింట్ మేరీ, మరుసటి ఏడు సుపీరియర్ సరస్సు పడమటి కొసన లా పాయింట్. అక్కడికి దక్షిణాది నుంచి ఇల్లినాయ్ జనం వ్యాపారానికి వచ్చేవాళ్ళు. ఒక మహానది ఉందని, అది ఎక్కడికి పోతుందో తెలియదని చెప్పింది వాళ్ళే. వాళ్ళ భాష ఆయనకు నేర్పింది ఒక కుర్రవాడు. ఆ కుర్రవాడు ఆయనకు కానుకగా ఇచ్చిన బానిస. ఈ మాట చెప్పకుండా దాటేయొచ్చు, చాలా ఉపన్యాసాల్లో దాటేస్తారు కూడా. కాని ఆయన భాషాజ్ఞానాన్ని పొగిడి, నేర్పినవాడిని వదిలేస్తే అది కూడా కత్తిరింపే.

1671లో డకోటాలనే మరో మూలవాసీ తెగతో గొడవలు ముదిరి, లా పాయింట్‌లో ఉన్న హ్యూరన్, ఒటావా తెగలవాళ్ళు తూర్పుకు వలస వచ్చేశారు. వాళ్ళతోపాటు ఈయనా వచ్చి, మిషిగన్, హ్యూరన్ సరస్సులు కలిసే జలసంధి దగ్గర సెయింట్ ఇగ్నస్ అనే మిషన్ పెట్టాడు. ఇగ్నస్ అంటే ఇగ్నేషియస్. ఇగ్నేషియస్ అంటే లయోలా, ఆ ఏసు సంఘాన్ని పెట్టినవాడు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను బెజవాడలో లయోలా కాలేజీలో చదివాను. అన్నేళ్ళు ఆ గేటులోంచి వచ్చాను, పోయాను, లయోలా అంటే ఎవరని ఒక్కనాడూ అడగలేదు. మాకు లయోలా అంటే క్రికెట్ మైదానం, క్యాంటీను. ఆయన స్పెయిన్‌లో ఒక సైనికుడని, ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డప్పుడు మనసు మారిందని నాకు తెలిసింది మా అమ్మాయి కాలేజీ వెబ్‌సైటు చదివాకే.

1672 డిసెంబరులో లూయీ జోలియే సెయింట్ ఇగ్నస్ వచ్చాడు. క్యుబెక్‌లోనే పుట్టి పెరిగిన వ్యాపారి, పటాలు గీయడం తెలిసినవాడు. ఆ మహానదిని చూసి రమ్మని ప్రభుత్వం అతణ్ణి పంపింది. ఫాదర్‌ని తోడు వెళ్ళమన్న ఉత్తర్వు కూడా తెచ్చాడు. 1673 మే 17న బయలుదేరారు. రెండు పడవలు, ఏడుగురు మనుషులు, మొక్కజొన్న, కొంచెం పొగబెట్టిన మాంసం. పడవలు బర్చ్ చెట్టు బెరడువి. మన పూర్వులు రాసుకున్న భూర్జపత్రం కూడా ఆ జాతి చెట్టుదే. అక్కడ దాని మీద శ్లోకాలు రాశారు, ఇక్కడ దాన్ని వంచి పడవ చేశారు.

మొదట తగిలిన జనం మెనామినీలు. ఫ్రెంచివాళ్ళు వాళ్ళకు అడవిధాన్యం పేరు పెట్టారు. ఆ ధాన్యం మన పెద్దలు నివ్వరి అనే దానికి దాయాది: విత్తకుండానే నీళ్ళలో మొలిచే వరి. దాన్ని ఎలా కోస్తారో మార్కెట్ ఎంత శ్రద్ధగా రాశాడంటే, మన డెల్టా రైతు చదివితే చెవి కోసుకుంటాడు. సెప్టెంబరులో పడవల మీద చేలోకి వెళతారు. కంకుల్ని ఇటూ అటూ పడవలోకి వంచి దులిపితే గింజలు రాలతాయి. కర్రల తడిక మీద పోసి కింద సన్నటి మంట పెట్టి ఆరబెడతారు. తోలుసంచిలో పోసి గోతిలో పెట్టి కాళ్ళతో తొక్కుతారు. తర్వాత తూర్పారపడతారు. ఇలా రాసిన మనిషికి మతం పని ఒక్కటే కాదు, కళ్ళు కూడా ఉన్నాయని నాకు మొదట నమ్మకం కుదిరింది ఇక్కడే.

ఆ మెనామినీలు వెళ్ళొద్దన్నారు. ముందు ఉన్నవాళ్ళు చంపేస్తారు, నదిలో భూతముంది, ఎండకు చస్తారు అన్నారు. వీళ్ళు వినలేదు. గ్రీన్ బే, ఫాక్స్ నది, మస్కూటెన్‌ల ఊరు. అక్కడి నుంచి దారి తెలియదు. నివ్వరి దట్టంగా పెరిగి ఏది నది పాయో ఏది మడుగో తెలియకుండా ఉంది. అప్పుడు ఇద్దరు మయామి మనుషులు ముందు నడిచి దారి చూపించారు, రెండు నదుల మధ్య నేల మీద పడవలు మోసుకుపోవడానికి సాయం పట్టారు. ఆ చోటు పేరు నేటికీ పోర్టేజ్. మడిసన్ నుంచి డెల్స్‌కి పిల్లల్ని వాటర్ పార్కుకి తీసుకెళ్ళేటప్పుడు మనం తొంభై స్పీడులో దాటేసే బోర్డు అదే. మొయ్యడం అని అర్థం. ఆ ఇద్దరి పేర్లు ఎక్కడా లేవు. జూన్ 17న మిసిసిపీలో పడ్డారు, ప్రేరీ దు షీన్ దగ్గర. ఆ క్షణాన తనకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేనన్నాడు ఫాదర్.

ఎనిమిది రోజులు మనిషన్నవాడు కనబడలేదు. జూన్ 25న ఒడ్డు బురదలో అడుగుల జాడలు. మిగతావాళ్ళను పడవల్లో ఉంచి ఫాదర్, జోలియే ఇద్దరే ఆ కాలిబాట పట్టుకుని నడిచారు. అది ఇల్లినాయ్ జనంలో పియోరియాల ఊరు. చాటుగా మాటలు వినిపించేంత దగ్గరికి వెళ్ళి, గట్టిగా కేక వేసి నిలబడ్డారు. దొంగల్లా కాదు, వచ్చామని చెప్పి నిలబడ్డారు. నలుగురు ముసలివాళ్ళు నెమ్మదిగా నడిచి వచ్చారు, వాళ్ళలో ఇద్దరు చిలుం గొట్టాలు సూర్యుడికేసి ఎత్తి పట్టుకున్నారు.

ఆ విందు గురించి చెప్పకపోతే నాకు బజ్జీలు సహించవు. మొదటి వడ్డన కొవ్వు వేసి కాచిన మొక్కజొన్న జావ. వడ్డించే ఆయన చెంచాతో తీసి, చిన్నపిల్లలకు పెట్టినట్టు మూడు నాలుగుసార్లు ఫాదర్ నోట్లో పెట్టాడు. రెండోది చేప. ముళ్ళు తీసి, ఊది చల్లార్చి, నోటికి అందించాడు. గోరుముద్దలు తినిపించినట్టే. మూడోది కుక్క మాంసం. అతిథులు తినరని తెలిసి, ఏమీ అనుకోకుండా తీసేశారు. నాలుగోది అడవిదున్న. బలవంతం చెయ్యకుండా పళ్ళెం తీసేసిన ఆ మర్యాద మన పెళ్ళిళ్ళలో కూడా దొరకదు.

వెళ్ళేటప్పుడు నాయకుడు రెండు కానుకలిచ్చాడు. ఒకటి కాల్యుమెట్ అనే శాంతి చిలుం. కింద నదిలో మిచిగమియా జనం గదలు, విల్లంబులు పట్టుకుని పడవల మీదికి వచ్చినప్పుడు ఫాదర్ ఎత్తి చూపింది దాన్నే. ప్రాణాలు నిలబెట్టింది అదే. రెండోది ఒక పిల్లవాడు, బానిస.

ఈ పిల్లవాడి దగ్గర కాస్త ఆగాలి. మరుసటి ఏడాది, 1674లో, జోలియే మాంట్రియల్ దగ్గరి ఉరవళ్ళలో, ఇక ఇల్లు చేరిపోయామనుకున్న చోట, పడవ బోల్తాపడి అన్నీ పోగొట్టుకున్నాడు. పటాలు, రోజువారీ రాతలు, పెట్టె. ఇద్దరు మనుషులు మునిగిపోయారు. ఈ పిల్లవాడు కూడా. తర్వాత జోలియే రాసుకున్నాడు: వాడికి పదేళ్ళు, మంచి బుద్ధి, చురుకు, ఫ్రెంచి మాట్లాడుతున్నాడు, చదవడం రాయడం మొదలుపెట్టాడు అని. పేరు మాత్రం రాయలేదు. చరిత్ర పుస్తకాల్లో ఈ సంఘటనను "జోలియే పటాలు పోయాయి" అని చెబుతారు. ఆ పటాలు పోబట్టే ఫాదర్ పేర మిగిలిన కథనం మనకు ముఖ్య ఆధారమైంది, ఆయన పేరు జోలియే పేరు కంటే పెద్దదైంది.

అక్కడి నుంచి కథ త్వరగా చెప్పేస్తాను. మిస్సోరీ వచ్చి కలిసే చోట పెద్ద పెద్ద చెట్లు కొట్టుకొస్తున్న బురద ప్రవాహం, ఒహాయో సంగమం, ఆఖరికి క్వాపాల ఊరు, అకాన్సియా. నేటి ఆర్కన్సా రాష్ట్రం పేరు అందులోంచి వచ్చిందే. నది కాలిఫోర్నియా వైపో వర్జీనియా వైపో కాదు, మెక్సికో సింధుశాఖలోనే పడుతుందని తేలిపోయింది. ఇంకా ముందుకు పోతే స్పెయిన్‌వాళ్ళు పట్టుకుంటారు, పట్టుకుంటే తెలుసుకున్నదంతా తమతోనే పోతుంది. సముద్రం కొద్ది రోజుల దూరమే అనుకున్నారు గాని నిజానికి ఇంకా 435 మైళ్ళుంది. జూలై 17న వెనక్కి తిరిగారు. వెనక్కి తిరగడం తెలిసిన అన్వేషకులు తక్కువ. వచ్చేటప్పుడు ఇల్లినాయ్ నది, షికాగో మీదుగా దగ్గరి దారి చెప్పింది మళ్ళీ అక్కడి జనమే.

ఫాదర్ ఒంట్లో అప్పటికే జబ్బు మొదలైంది, రక్త విరేచనాలు. ఆ దారిలో కస్కస్కియా అనే ఇల్లినాయ్ జనం ఊరివాళ్ళకు మళ్ళీ వస్తానని మాటిచ్చాడు. ఏడాది మంచం పట్టి, కాస్త తేరుకోగానే 1674 అక్టోబరులో ఇద్దరు మనుషులతో బయలుదేరాడు. షికాగో నది దగ్గర మంచు కమ్మేసి గుడిసెలో చలికాలం గడపాల్సి వచ్చింది. దారినపోయే ఇల్లినాయ్ జనం మొక్కజొన్న, ఎండు మాంసం, గుమ్మడికాయలు ఇచ్చి వెళ్ళేవాళ్ళు. 1675 ఏప్రిల్‌లో, ఈస్టరు ముందు, కస్కస్కియా చేరి మాట నిలబెట్టుకున్నాడు. తిరుగు ప్రయాణంలో, మే 18న, మిషిగన్ సరస్సు తూర్పు ఒడ్డున ఒక చిన్న నది ముఖద్వారం దగ్గర దింపమన్నాడు, అక్కడే కన్నుమూశాడు. ముప్ఫైయెనిమిదో పుట్టినరోజుకు ఇంకా రెండు వారాలుంది.

ఆయన బతికున్నప్పటి ప్రయాణాల కంటే ఆయన ఎముకల ప్రయాణం నన్ను ఎక్కువ వెంటాడుతుంది. 1677 వసంతంలో కిస్కకాన్ ఒటావాలు, ఆయన దగ్గర పాఠాలు విన్నవాళ్ళే, వేట నుంచి తిరిగొస్తూ ఆ సమాధి దగ్గర ఆగారు. తాము గౌరవించేవాళ్ళకు చేసే పద్ధతిలోనే సమాధి తవ్వి, ఎముకలు కడిగి, ఎండలో ఆరబెట్టి, బర్చ్ బెరడు పెట్టెలో పెట్టారు. ముప్ఫై పడవల ఊరేగింపుతో సెయింట్ ఇగ్నస్ తీసుకొచ్చారు. జూన్ 9న ప్రార్థనా మందిరం కింద పాతిపెట్టారు. గంగలో అస్థికలు కలపడానికి రైలెక్కిన కుటుంబాల నుంచి వచ్చిన మనకు ఇది ఎవరూ వివరించనక్కర్లేదు. ఆయనకు జరిగిన మొదటి సన్మానం అదే. కాలేజీ చేసింది కాదు, చర్చి చేసింది కాదు.

కాలక్రమాన మందిరం కాలిపోయింది, చోటు మరుగున పడింది. రెండు వందల ఏళ్ళ తర్వాత, 1877లో, ఫాదర్ ఎడ్వర్డ్ జాకర్ ఆ చోటు గుర్తుపట్టి తవ్వితే బెరడు ముక్కలు, ఎముక ముక్కలు దొరికాయి. కొన్ని అక్కడే ఉంచి, కొన్ని కొత్తగా వెలిసిన మార్కెట్ కాలేజీకి ఇచ్చారు. మిల్వాకీ బిషప్ జాన్ మార్టిన్ హెన్నీ చిరకాలపు కోరికగా ఆ కాలేజీ 1881 ఆగస్టు 28న మొదలైంది. 1907లో యూనివర్సిటీ అయింది, 1909లో ఆడపిల్లల్ని మగపిల్లలతోపాటు చేర్చుకుంది, కథొలిక్ యూనివర్సిటీల్లో అది మొదటిది. ఆ ఒక్క పనికి మాత్రం నా వంతు దణ్ణం నేను పెట్టుకుంటాను, నా బిడ్డ అక్కడ చదివింది కాబట్టి.

ఆ కాలంలో ఆయన పేరెత్తడం కూడా తగాదాయే. విస్కాన్సిన్ రాష్ట్రం తన తరఫున ఆయన పాలరాతి విగ్రహాన్ని 1896లో వాషింగ్టన్ కేపిటల్‌కి పంపితే, పాద్రీ అంగీ వేసుకున్న మనిషి విగ్రహం అక్కడ ఎలా పెడతారని కథొలిక్కులంటే గిట్టనివాళ్ళు గోల చేశారు. కాబట్టి ఆనాటి కథొలిక్కులు ఆయన్ని కాస్త గట్టిగానే పొగుడుకున్నారు. వలస వచ్చి చిన్నచూపుకు గురైన జర్మన్లకు, ఐరిష్ వాళ్ళకు "ఈ దేశంలో మేం మీకంటే ముందే ఉన్నాం" అని చెప్పుకోవడానికి ఆయన పనికొచ్చాడు. అది అర్థం చేసుకోగలను. మన వాళ్ళం కూడా ఎక్కడ తెలుగు పేరు కనబడినా పట్టుకుని ఊగుతాం. అలా పొగుడుకునే తొందరలోనే కత్తెర పడుతుంది.

ఇప్పుడు ముద్ర. 2020లో మార్కెట్‌లో చదివే మూలవాసీ విద్యార్థులు ఆ ముద్ర మార్చమని అడిగారు. లెక్కకు కొద్దిమందే. యూనివర్సిటీ విన్నది. బొమ్మ తీసేసి కొత్త ముద్ర చేయించారు. అంతకుముందే, 1994లో, ఆటల జట్టుకున్న, మూలవాసుల యోధుల్ని తలపించే వారియర్స్ అనే పేరు వదిలేసి గోల్డెన్ ఈగిల్స్ అని పెట్టుకున్నారు. పాత విద్యార్థుల్లో కొందరు ఇప్పటికీ దాని మీద అలుగుతారు. మా పక్కింటాయన అలిగినవాళ్ళలో ఒకడు, బాస్కెట్‌బాల్ సీజన్ వచ్చిందంటే పాత జెర్సీయే వేసుకుంటాడు, మంచివాడే.

పాత ముద్ర మీద లాటిన్‌లో ఉన్న మాట నూమెన్ ఫ్లూమెన్‌క్వే. దైవమూ, నదీ అని. ఎంత బాగుందో చూడండి. గోదావరి పుష్కరాలకు వెళ్ళే మనకు ఆ రెండూ వేర్వేరని ఎప్పుడూ అనిపించలేదు.

2022లో యూనివర్సిటీ ఇంకో పని చేసింది. నూటపాతికేళ్ళకు పైగా తమ దగ్గర దాచుకున్న ఆ ఎముకల్ని సెయింట్ ఇగ్నస్‌లో ఒజిబ్వే సంస్కృతి మ్యూజియానికి తిరిగి అప్పగించింది. ఆ జూన్‌లో మూలవాసుల సమక్షంలో, 1677లో వాళ్ళ పెద్దలు పెట్టిన చోటే మళ్ళీ భూమిలో పెట్టారు. పేరు పెట్టుకున్నవాళ్ళ దగ్గర ఇప్పుడు ఆయన పేరే ఉంది, ఎముకలు మోసినవాళ్ళ దగ్గర ఎముకలున్నాయి. శతజయంతులు, ఉపన్యాసాలు (ఇది కూడా కలుపుకుని), మాస్ ప్రార్థనలు అన్నీ ఒక ఎత్తు, ఆ పెట్టె తిరిగి ఇచ్చేయడం ఒక ఎత్తు అని నాకనిపిస్తుంది. అవతల ఇది చర్చికి సంబంధించిన పవిత్ర వస్తువు, ఇవ్వకూడదు అనేవాళ్ళ వాదం కూడా నాకు తెలుసు. వాళ్ళతో నేను ఏకీభవించను.

ఒక మాట అడగబోతున్నారు, అడగకముందే చెబుతాను. ఆయన వచ్చింది మతం మార్చడానికే కదా, ఆయన వెనకాలే వ్యాపారం, కోటలు, జబ్బులు, భూముల ఆక్రమణ వచ్చాయి కదా అని. వచ్చాయి. ఆయన ప్రయాణానికి ఫ్రెంచి రాజ్యం ఆశ కూడా ఒక కారణమే. దాన్ని నేను కప్పిపుచ్చను. ఆయన చనిపోయిన పాతిక ముప్ఫై ఏళ్ళకు అదే ఫ్రాన్సు నుంచి అదే సంఘం పాద్రీలు పుదుచ్చేరి నుంచి బయలుదేరి మన పుంగనూరు దాకా వచ్చారు, సన్యాసుల్లా కాషాయం కట్టారు, తెలుగు నేర్చుకున్నారు. వాళ్ళ గురించి కూడా మన ఊళ్ళలో పొగడ్త ఒకటి, తిట్టు ఒకటి, ఆ రెండే దొరుకుతాయి. వాళ్ళకు తెలుగు అక్షరాలు దిద్దించిన పంతులుగారెవరో మాత్రం ఎవరికీ పట్టదు.

బజ్జీలు చల్లారిపోయినట్టున్నాయి, క్షమించాలి. ఒక్క విషయం చెప్పి దిగిపోతాను. వచ్చే శనివారం మేం సెయింట్ ఇగ్నస్ వెళుతున్నాం. ఇక్కడి నుంచి ఆరు గంటల పైనే పడుతుంది, గ్రీన్ బే మీదుగా సరస్సు ఒడ్డునే, ఆయన పడవల్లో వచ్చిన దారికి ఎదురుగా. తెల్లారి అయిదింటికి బయలుదేరతాం. మా వ్యాన్‌లో మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయి. పులిహోర మా ఆవిడ చేస్తోంది, పెరుగన్నం ఎవరైనా తెస్తే బాగుంటుంది.